రెండో సాక్షి

మా క్రైస్తవ సంఘంలో ఓటంటే కాగితం కాదు, గింజ. సంఘ పెద్దల్ని ఎన్నుకునే రోజున గుడి వాకిట్లో ఒక్కొక్కరి చేతిలో ఒక చిక్కుడు గింజ, ఒక చింతపిక్క పెడతారు. చిక్కుడు గింజంటే ఔను, చింతపిక్కంటే వద్దు. కానుకలు పట్టే ఎర్ర మఖమల్ సంచీలోకి మణికట్టుదాకా చెయ్యి పెట్టి, ఒకటి అందులో వదిలి, రెండోది గుప్పిట్లో దాచుకుని బయటికి పోవాలి. శ్రీకాకుళం నుంచి ఈ బెంగాలీ ఊరికి రైలు పనులకు వచ్చిన మా తాతలకు చదువు రాదని పెట్టిన పద్ధతి అది. ఇప్పుడు వాళ్ళ మునిమనవలకు బెంగాలీ వచ్చు, హిందీ వచ్చు, ఇంగ్లీషు వచ్చు. తెలుగు అక్షరాలే రావు. అందుకని గింజలు అలాగే ఉండిపోయాయి.

ఇరవై రెండేళ్ళు ఆ సంచీ పట్టింది మా ఆయనే. పేరు ఆదాము. షాలిమార్ యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. సంచీ పట్టుకున్నంతసేపూ తల పక్కకు తిప్పుకుని గోడ మీది గడియారం చూసేవారు. ఎవరేం వేశారో ఇంట్లో నేనడిగినా చెప్పేవారు కాదు. నాకు కోపం వచ్చేది. నాకు కోపం తొందరగా వస్తుంది, అది మా రైల్వే ఇళ్ళ లైనులో అందరికీ తెలుసు.

మూడేళ్ళ క్రితం ఆయన చేతిలోంచి టీ గ్లాసు జారింది. తరవాత కాలికి చెప్పు నిలవలేదు. నది అవతల పెద్దాసుపత్రిలో చూపిస్తే నరాల జబ్బన్నారు, మందు లేదన్నారు. ముందు చేతులు, తరవాత కాళ్ళు, ఆ తరవాత మాట, చివరికి ఊపిరి. బుర్ర మాత్రం ఆఖరి రోజుదాకా పనిచేస్తుందట. ఆ మాట డాక్టరమ్మ ఊరడింపుగానే చెప్పింది. ఆయనకు అదే పెద్ద శిక్షలా వినపడింది.

ఆసుపత్రిలో ఆయన పక్క మంచం మీద అదే జబ్బు మనిషి ఒకతను ఉండేవాడు. గొంతులో గొట్టం, పక్కన ఊపిరి పోసే యంత్రం. నాలుగు నెలలుగా అలాగే. కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతుంటే ఎందుకో తెలుసుకునే దారి ఎవరికీ లేదు. ఇంటికొచ్చాక, ఇంకా మాట కొంచెం ఉన్న రోజుల్లో, ఆయన నన్ను దగ్గర కూచోబెట్టుకుని అన్నారు. "పేమా, నన్నలా పడెయ్యకు. ఏటైనా సెయ్యి గానీ ఆ గొట్టం ఎయ్యనివ్వకు."

సరేనన్నాను. మాకు పిల్లల్లేరు. ఆయనకు నేను, నాకు ఆయన. సరేననక ఏమంటాను?

ఆ తరవాతి సారి డాక్టరమ్మను ఆయనే అడిగారు, ముద్ద ముద్దగా, ఒక సూది ఇచ్చి పంపించెయ్యకూడదా అని. ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "అది ఈ దేశంలో చట్టం ఒప్పుకోదు, దాదా" అంది. "కానీ గొట్టం వద్దని, యంత్రం వద్దని మీరు ముందే రాసి పెట్టుకోవచ్చు. అది చట్టమే. ఇద్దరు సాక్షులు సంతకం చెయ్యాలి, ఇంటివాళ్ళు కాకపోతే మంచిది. ఆపైన నోటరీ ముద్ర." ఒక నమూనా కాగితం కూడా ఇచ్చింది. ఆయన బొటనవేలు ముద్ర ఆ రోజే వేయించాను. కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టి గోడకున్న కేలండరు వెనక తగిలించాను. ఇద్దరు సాక్షులే కదా, ఎంతసేపు అనుకున్నాను.

చలికాలం వచ్చేసరికి మాట పోయింది. కుడిచేతి చూపుడువేలు ఒక్కటే మిగిలింది. వేలు పైకెత్తితే ఔను, అడ్డంగా ఊపితే వద్దు. ముప్పై ఐదేళ్ళు యార్డులో చేతి సైగలతోనే బళ్ళు నడిపిన మనిషి కాబట్టి ఆ వేలితోనే నాతో సంసారం నడిపారు. పులుసులో ఉప్పు చాలదని కూడా ఆ వేలే చెప్పేది.

అప్పుడే జూలియా తన ఫారాలు పట్టుకొచ్చింది. జూలియా, ఆయన స్నేహితుడు ఆండ్రూ కూతురు. ఆండ్రూ లోకల్ రైళ్ళు బాగుచేసే టికియాపారా కార్‌షెడ్‌లో మేస్త్రి. ఆయనా మా ఆయనా ఒకే రోజు ఉద్యోగంలో చేరారు, వయసులో చిన్న గనక ఆండ్రూకి ఇంకా సర్వీసుంది. నన్ను చెల్లెమ్మా అంటాడు. ఈ పిల్ల కాలేజీలో జనాభిప్రాయం మీద ఏదో ప్రాజెక్టు చెయ్యాలట. ప్రశ్న ఒక్కటే. బతకడని తేలిన రోగి తానే కోరితే, డాక్టరు అతని చావుకు సాయం చెయ్యడానికి చట్టం ఒప్పుకోవాలా?

"అత్తా, నువ్వు కూడా రా. పెద్దోళ్ళకి నా తెలుగు అర్థం కాదు" అంది.

వెళ్ళాను. మా లైనులో పద్నాలుగు ఇళ్ళు తిరిగాం. ప్రతి గుమ్మంలోనూ ఒకటే జవాబు. యూనిస్ అయితే చెవులు మూసుకుంది. "ఓలమ్మ, అలాటి మాటలు అడగొచ్చేటి? ప్రాణం ఇచ్చినోడే తీసుకోవాల." పక్కింటి గుమ్మంలోంచి ఇంకెవరో చూస్తుండగా ఆ మాట కొంచెం గట్టిగా కూడా అంది. మునిసిపాలిటీలో చేసే బైరాగి మా సంఘంవాడు కాదు, అయినా అదే అన్నాడు. "డాక్టర్లకి అలాటి అలుసిస్తే పేదోళ్ళని మిగల్నిస్తారేటి?" ఆ ఒక్క మాటలో న్యాయం ఉందనిపించింది. మిగతావన్నీ పక్కింటివాళ్ళ కోసం చెప్పినవే. పద్నాలుగు ఇళ్ళు, పద్నాలుగు వద్దులు. జూలియా ఫారాలన్నీ ఒకే గడిలో టిక్కులతో నిండిపోయాయి.

ఇంటికొచ్చి ఆయనకు చెప్పాం. ఆయన వేలు అడ్డంగా ఊగింది. ఏం వద్దో నాకర్థం కాలేదు. నీళ్ళా, దుప్పటా, ఫేనా అని వరసగా అడిగాను. చివరికి ఆయన చూపు వెంట చూస్తే బీరువా మీదికి పోతోంది. ఆయన మంచం పట్టినా సంచీ మా ఇంట్లోనే ఉంటుంది, బీరువా మీద. "సంచీనా?" అన్నాను. వేలు పైకి లేచింది.

అలా అడక్కూడదు, సంచీతో అడగండి అంటున్నారు.

మర్నాడు బుధవారం మా ఇంట్లోనే ప్రార్థన కూటం. ఆయన మంచం పట్టాక నెలకోసారి మా ఇంట్లోనే పెడుతున్నారు, స్వస్థత కోసం. ముప్పై ఎనిమిది మందిమి తేలాం, గదిలో సగం, వరండాలో సగం. ప్రార్థన అయ్యాక జూలియా లేచి నిలబడి సంగతి చెప్పింది. అందరూ గవరయ్యగారి వైపు చూశారు. గవరయ్యగారు మా సంఘ పెద్ద. ఎనభై దగ్గర పడుతున్నాయి. ఆయన కాదంటే మా గుడి గంట కూడా మోగదు.

"ఇది గుడి సంగతి కాదు, ఆడపిల్ల సదువు సంగతి" అన్నారు ఆయన. "ఎయ్యండి. నాది దాపరికం లేదు." చింతపిక్క రెండు వేళ్ళ మధ్య పట్టుకుని అందరికీ చూపించి సంచీలో వేశారు.

తరవాత సంచీ అందరి దగ్గరికీ తిరిగింది. మా ఆయన అరచేతిలో నేను రెండు గింజలూ పెట్టి, సంచీ కిందకి పట్టాను. ఆ ఒక్క వేలితో చిక్కుడు గింజను తోసుకుంటూ తోసుకుంటూ అంచుదాకా తెచ్చి పడేసేసరికి ఆయన నుదురంతా చెమట. అందరూ తలలు తిప్పుకున్నారు, ఆయన నేర్పిన మర్యాదే. నేను ఆఖర్న వేశాను.

జూలియా పళ్ళెంలో గుమ్మరించి లెక్కపెట్టింది. చింతపిక్కలు తొమ్మిది. చిక్కుడు గింజలు ఇరవై తొమ్మిది.

గవరయ్యగారు పళ్ళెం వైపు చాలాసేపు చూసి, చేతికర్ర తీసుకుని వెళ్ళిపోయారు. మా ఆయన కళ్ళు మెరిసిపోయాయి. అందరూ వెళ్ళాక కేలండరు వైపు చూశారు, నా వైపు చూశారు. వేలు పైకి లేచి అలాగే నిలిచింది. ఇరవై తొమ్మిది మంది ఔనన్నారు, మనకు ఇద్దరు చాలు అని.

మర్నాటి నుంచి కాగితం పట్టుకుని నేను బయల్దేరాను. ఇది సూది కాదు, చట్టం ఒప్పుకున్నదే, గొట్టం వద్దనడం మాత్రమే అని ప్రతివాళ్ళకీ వివరించి చెప్పాను. యూనిస్ కళ్ళజోడు పగిలిందంది. పగిలిందన్న కళ్ళజోడు ఆ మధ్యాహ్నమే ఆమె ముక్కు మీద చూశాను. ఒకాయన పెళ్ళాన్నడగాలన్నాడు. ఆవిడ మొగుణ్ణడగాలంది. ఇంకొకామె నన్ను వంటింట్లోకి లాక్కుపోయి చెవిలో చెప్పింది, "అక్కా, నాను ఏసింది సిక్కుడు గింజే, ఒట్టు. కానీ సంతకమంటే పేరు కదా." సంచీలో చెయ్యి పెట్టినప్పుడున్న ధైర్యం పెన్ను పట్టుకునేసరికి ఎక్కడికి పోతుందో నాకిప్పటికీ తెలీదు. ఇరవై తొమ్మిది మందిలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు చెయ్యి చాపలేదు. నేను లైను మధ్యలో నిలబడి తిట్టాను. సిగ్గు లేదా అన్నాను, మీకీ రోజు రాదనుకుంటున్నారా అన్నాను. కిటికీలు మూసుకున్నారు.

ఆండ్రూ దగ్గరికి ఆఖర్న వెళ్ళాను. కాగితం చదివాడు, మడిచి నా చేతిలో పెట్టాడు. "సెల్లెమ్మా, రేపు ఆడు పోతే మట్టి ఎయ్యాల్సిన సెయ్యి ఇది. దీన్తోనే ఇందులో ఎలా రాయమంటావు?" అన్నాడు. ఏడ్చాడు కూడా. నాకు జాలి కలగలేదు.

వారం గడిచాక ఒక పొద్దున గవరయ్యగారు వచ్చారు. కర్ర తలుపు దగ్గర ఆనించి, మా ఆయన మంచం పక్కన స్టూలు మీద కూచున్నారు. "ఆదామూ, కాగితంలో ఉన్నది నీ మాటేనా? నీ పెళ్ళాం మాట కాదు గదా?" అని అడిగారు. వేలు పైకి లేచింది. "భయంతో అంటన్నావా?" వేలు అడ్డంగా ఊగింది. మళ్ళీ మూడోసారి, "బాగా ఆలోసించేవా?" అన్నారు. వేలు లేచి, చాలాసేపు దిగలేదు.

"ఏదీ, పెన్నియ్యి" అన్నారు నాతో.

"మీరు చింతపిక్క వేశారు కదా" అన్నాను. నోరు ఊరుకోదు నాకు.

"ఇప్పుడైనా అదే ఏస్తాను. అది నా మాట. ఇది ఈడి మాట. ఈడీ మాట అన్నాడనడానికి నాను సాక్షిని. సాక్షంటే అంతే గదమ్మా, ఇన్నది ఇన్నట్టు సెప్పడం." గుండ్రటి పాత అక్షరాలతో తెలుగులోనే పేరు రాసి, సిరా ఆరేదాకా ఊదారు.

ఇంకొక్క సంతకం కావాలి. జూలియాకు ఇంకా పద్దెనిమిది నిండలేదు, తన సంతకం చెల్లదు. జూలియా తన స్నేహితురాలి నాన్నతో మాట్లాడింది. ఆయన నోటరీ. రెండో సాక్షి దొరికితే శుక్రవారం పొద్దున ఇంటికే వచ్చి ముద్ర వేస్తానన్నారు. ఆ శుక్రవారం వచ్చింది, రెండో సాక్షి లేడు. ఆయన్ని రావద్దన్నాం.

ఆ మర్నాడు, శనివారం పొద్దున ఎనిమిదింటికి, జావ పోస్తుంటే ఆయన ఊపిరి ఆగింది. ముఖం నల్లబడింది. నేను అరిచాను. ఏమని అరిచానో గుర్తు లేదు. లైనంతా వచ్చిపడింది. కళ్ళజోడు యూనిస్, వంటింటి ఆవిడ, అందరూ. నలుగురు ఆయన్ని దుప్పట్లో ఎత్తారు, ఇంకెవరో అంబులెన్సుకు ఫోన్ చేశారు. అంత ప్రేమ. నిజంగానే ప్రేమ, కాదనను. ఎత్తొద్దని నేనూ అనలేదు. బ్రిడ్జి దాటేంతసేపూ ఆయన కుడిచెయ్యి నా ఒళ్ళోనే ఉంది.

అత్యవసర విభాగంలో డాక్టరు అడిగాడు, ఈయన ముందుగా ఏమైనా రాసిపెట్టారా అని. ప్లాస్టిక్ కవరు ఇచ్చాను. చూసి, "ఒకటే సంతకం ఉంది, నోటరీ లేదు" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. అప్పుడు ఆగడానికి టైము లేదు. గొట్టం వేశారు.

మధ్యాహ్నం లోపలికి పంపితే చూశాను. ఆయన కుడిచేతి చూపుడువేలికి ఊపిరి కొలిచే క్లిప్పు పెట్టి ఉంది. అక్కడి నర్సు అబ్బాయి ఆశిష్‌ని బతిమాలాను, అది తీసి ఎడమచేతికి పెట్టు బాబూ, ఆ వేలు ఆయన నోరు అని. అతను ఒక్కక్షణం నన్ను చూసి, ఏమీ అడక్కుండా మార్చాడు. మార్చగానే వేలు కదిలింది. అడ్డంగా. నేను ఉన్నంతసేపూ అడ్డంగానే ఊగింది.

కాగితం పూర్తిగా లేకపోయినా ఇంకో దారి ఉందన్నారు. డాక్టర్ల బోర్డులు రెండు కూర్చోవాలి, ఇంటివాళ్ళు ఒప్పుకోవాలి. ఒప్పుకోవడానికి నాకు ఎనిమిది రోజులు పట్టింది. మొదటి బోర్డు కూచుంది. రెండోది కూచోకముందే, పంతొమ్మిదో రోజు తెల్లవారాక ఆయనే వెళ్ళిపోయారు. ఆ పంతొమ్మిది రోజులూ సంఘమంతా వంతులు వేసుకుని ఆసుపత్రి వరండాలో ప్రార్థన చేసింది. ఒక్కొక్కరూ విడిగా నా దగ్గరికొచ్చి, "అక్కా, నాది సిక్కుడు గింజే" అని చెవిలో చెప్పి వెళ్ళారు. ఒకరిద్దర్ని అక్కడే కడిగేశాను. ఇక్కడెందుకు చెవిలో, అక్కడ కాగితం మీద చెప్పుంటే ఈయన ఇక్కడుండేవారా అన్నాను. తప్పు చేసిన ముఖాలతో తల దించుకున్నారు.

మట్టి చేసిన రోజు ఆండ్రూ అందరికంటే చివర ఆగాడు. చేతులకంటిన మట్టి కూడా దులుపుకోలేదు. "సెల్లెమ్మా, తప్పు నాదే. ఆ లచ్చివారం నాడు నానుండిపోవాల్సింది. ఆడు లేసిందాకా గుమ్మంలో కూకుంటే సరిపోను" అన్నాడు.

నేను అవుననలేదు, కాదనలేదు. అంత తిట్టే నోరు అప్పుడు పెగల్లేదు.

తొమ్మిది చింతపిక్కల్లో ఒకటి గవరయ్యగారిదని అందరూ చూశారు. ఇంకొకటి నాది. సంచీలో చెయ్యి పెట్టి చిక్కుడు గింజ పట్టుకునే ఉన్నాను, వేళ్ళు విడలేదు. రెండోది వదిలాను. ఆ రాత్రి ఏం వేశావన్నట్టు ఆయన చూస్తే, మీదే నాది అన్నాను.

ఆండ్రూ అన్న ఆ గురువారం, అంటే నోటరీ రావలసిన శుక్రవారానికి ముందురోజు సాయంత్రం, ఆండ్రూ వచ్చాడు. డ్యూటీ దిగి సరాసరి వచ్చాడు, బట్టలకు ఆయిలు మరకలున్నాయి. చొక్కా జేబులో కొత్త పెన్ను. గుమ్మంలో నిలబడి, "సెల్లెమ్మా, కాగితం తే. నా కూతురు నా కళ్ళు తెరిపించింది. ఆడికి మట్టి ఎయ్యగల సెయ్యి ఆడి మాట నిలబెట్టలేదా" అన్నాడు.

లోపలి గదిలోంచి ఆయనకది వినపడింది. తెర సందులోంచి నాకు కనపడుతోంది. వేలు పైకి లేచి ఉంది.

నాకు ఒక్కటే తోచింది. ఈ సంతకం పడితే, రేపు ముద్ర పడితే, ఇక మిగిలేది ఒక్క పనే. అది ఎప్పుడైనా జరగొచ్చు. ఇంకో నాలుగు రోజులు ఆ వేలు నాకు ఉప్పు చాలదని చెప్పాలి. అంతకంటే ఏమీ కోరలేదు నేను. నాలుగు రోజులు.

"పడుకున్నారన్నయ్యా" అన్నాను. "ఇప్పుడే కన్నంటుకుంది. లేపితే మళ్ళీ పట్టదు. సాక్షి సంతకం ఆయన చూస్తుండగా చెయ్యాలి కదా. ఆదివారం ఆరాధన అయ్యాక రా."

ఆండ్రూ నమ్మాడు. నమ్మకపోవడానికి ఏముంది? చెప్పులు తొడుక్కుని, అడుగుల చప్పుడు రాకుండా మెట్లు దిగాడు.

తెర తీసుకుని లోపలికి వెళ్ళాను. ఏమంటారో, ఆ వేలు ఎటు ఊగుతుందో అనుకున్నాను. ముప్పై నాలుగేళ్ళు ఆయన పక్కన పడుకున్నదాన్ని. ఆయన నిద్రపోతే ఊపిరి ఎలా ఉంటుందో నాకు తెలుసు, ఆ ఊపిరి అది కాదు. వేలు దుప్పటి మీద కిందికి వాలి ఉంది. కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నారు. నేను ఆండ్రూతో చెప్పింది అబద్ధం కాకూడదని, ఆయన పడుకున్నారు.